సామెత సాక్ష్యం చెల్లదు



మాస్టారి పేరు మీద ఈ ఏటి ఉపన్యాసం నాకు అప్పగించారు. ఆయన విద్వత్తు గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను కలిపేది ఒక్కటే. ఆరింటికి వస్తానంటే ఆయన అయిదున్నరకే వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చునేవారు. లోపలికి రమ్మంటే "ఇంకా టైము కాలేదయ్యా" అనేవారు. మా ఆవిడకు ఆయనంటే గౌరవమే గాని, ఆ అరగంటంటే భయం. ఆయనకూ నాకూ ఒక తగువు ఉండేది. సామెతల్లో జాతి గుణం కనబడుతుందని ఆయన నమ్మకం. కనబడదని నా వాదం. ఆయన లేని సభలో ఆ తగువు ఎత్తడం మర్యాదేనా అంటారేమో. ఆయనే ఉంటే మొదటి వరసలో కూర్చుని, "ఊఁ, ఆధారం?" అని అడిగేవారు. ఆధారాలతోనే వచ్చాను.

మా బంధువుల అమ్మాయి ఫిన్లాండులో, ఎస్పూలో ఉద్యోగం చేస్తోంది. ఆ దేశపు పౌరసత్వం కావాలంటే ఫిన్నిష్ గాని స్వీడిష్ గాని వచ్చని నిరూపించుకోవాలి కనక సాయంత్రాలు క్లాసుకు వెళుతుంది. ఈమధ్య తన నోటుపుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసి పంపింది. మాట ఇవ్వడం, మాట నిలుపుకోవడం మీద పాఠం. ఎడమవైపు ఫిన్నిష్, కుడివైపు తన చేతిరాతలో తెలుగు. 'లుపాన్': మాట ఇస్తున్నా. 'సొవిత్తు': ఖాయం చేసుకున్నాం. నమ్మదగ్గ మనిషైతే కొండను నమ్మినట్టు నమ్మొచ్చట. నమ్మరానివాడు ఆకాశం నుంచి చందమామను తెచ్చిస్తానంటాడట. చివర ఒక సామెత: ఎద్దును కొమ్ముతో పట్టాలి, మనిషిని మాటతో పట్టాలి. దాని కింద టీచరమ్మ వ్యాఖ్య: ఫిన్నిష్ మనిషి మాటంటే మాటే. ఆ కింద మా అమ్మాయి సొంత వ్యాఖ్య: "మనవాళ్ళో? చూద్దాం, రేపు, వస్తా వస్తా!" నా ఉపన్యాసమంతా ఆ చివరి వాక్యం మీదే.

మనవాళ్ళూ మాట నిలుపుకుంటారని చెప్పడానికి హరిశ్చంద్రుడి జోలికి పోను. బలిజేపల్లి వారి నాటకం మీకు నాకన్నా బాగా తెలుసు. మన పామర్రు పక్కనే నిమ్మకూరులో పుట్టిన నటుడు ఎన్.టి. రామారావుగారు 1965లో తెరమీద హరిశ్చంద్రుడయ్యారు. సత్యవాక్యం మీద సుమతీకారుడు, వేమన ఏమన్నారో బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. ఇవన్నీ దాటేస్తున్నాను. 'చూద్దాం' సంగతి కూడా ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఫిన్నిష్‌లో 'కత్సొతాన్' అంటే అచ్చంగా 'చూద్దాం'. కాదనలేక అక్కడివాళ్ళూ ఆ మాటే అంటారు.

అసలు పేచీ ఎద్దు కొమ్ముల సామెతతో. అది ఫిన్లాండు సొత్తు కాదు. ఫ్రెంచి న్యాయశాస్త్రవేత్త ఆంత్వాన్ లువజెల్ 1607లో అచ్చువేసిన ఆచార ధర్మాల సంపుటిలో ఇదే సూత్రం ఉంది. లాటిన్‌లోనూ ఉంది. సామెత జాతి గుణానికి సాక్ష్యమైతే ఫ్రెంచివాళ్ళకూ ఆ కితాబు ఇవ్వాలి. వాళ్ళకు ఎవరూ ఇవ్వరు. విచిత్రమేమంటే, కథా సామెతా ఏ ఒక్క జాతి సొత్తూ కావన్న ఈ పాఠం లోకానికి చెప్పినవాళ్ళే ఫిన్లాండు పండితులు. కథలు దేశాలు పట్టుకుని తిరుగుతాయని గమనించి, వాటికి వర్గీకరణ చేసి 1910లో ప్రచురించినవాడు ఆంత్తి ఆర్నె. సామెతలకు అంతర్జాతీయ వర్గీకరణ కట్టినవాడు మత్తి కూసి. హెల్సింకీ నుంచి 1965లో సామెతల అధ్యయనానికే 'ప్రొవెర్బియుం' పత్రిక మొదలుపెట్టిందీ ఆయనే. మన దగ్గర కెప్టెన్ కార్ తెలుగు సామెతల సంపుటి 1868లోనే వచ్చింది. దాన్నుంచి నాలుగు సామెతలు ఏరి మన గుణం చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న సామెతను బట్టి మనల్ని అబద్ధాలకోరులంటే, నిజం నిలకడ మీద తెలుస్తుందన్న సామెతను ఏ గంగలో కలపాలి?

సరే, సామెతలు వదిలేద్దాం. ఫిన్లాండు వాళ్ళు నెత్తిన పెట్టుకునే నవల ఒకటి ఉంది. వైనో లిన్నా రాసిన 'ఇక్కడ ధ్రువతార కింద'. మూడు భాగాలు, 1959 నుంచి 1962 దాకా వచ్చాయి. అందులో యుస్సి అనే కూలివాడు చర్చి మాన్యంలో చిత్తడినేల చూసి, సాగులోకి తెచ్చుకుంటానని మతగురువును అడుగుతాడు. గురువుగారు సరేనంటారు. నోటిమాటే, కాగితం లేదు. యుస్సి ఏళ్ళ తరబడి బురదలో నడుములు విరగ్గొట్టుకుని ఆ నేలను పొలం చేస్తాడు. ఆ గురువు పోయాక కొత్త గురువు వచ్చి, పొలంలో కొంత వెనక్కి లాక్కుంటాడు. నమ్మకానికి మారుపేరనిపించుకున్న దేశంలో, ఇంటింటా చదివే నవలకు పునాది మాట పోవడం! ఇది లిన్నా కల్పన మాత్రమే కాదు. అక్కడ టొర్పారీలనే కౌలుదార్లు వేలమంది భూస్వామి దయ మీద బతికారు. 1918లో అంతర్యుద్ధం జరిగి, నెత్తురు పారాక, ఆ ఏడాదే వాళ్ళు సాగు నేల కొనుక్కునే హక్కు చట్టంలోకి వచ్చింది. 1966 నాటి భూమి కౌలు చట్టం ఒప్పందం మామూలుగా కాగితం మీదే ఉండాలంది. మాటంటే మాటే అనే దేశం నేల విషయంలో మాటను నమ్మలేదు!

ఇప్పుడు పామర్రు రండి. ఈ చుట్టుపక్కల ఎన్ని ఎకరాలు నోటి కౌలు మీద సాగుతున్నాయో ఈ సభలో వాళ్ళకు తెలుసు. ఎకరానికి ఇన్ని బస్తాలని గట్టు మీద నిలబడి అనుకుంటారు. అంతే. 1956లో కౌలు చట్టం వచ్చింది, 2011లో సాగుదార్లకు రుణ అర్హత కార్డులన్నారు, 2019లో పదకొండు నెలల ఒప్పందమన్నారు. ఆ చివరిదానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. అందుకని మళ్ళీ నోటిమాటే. నేలను మాట మీద వదిలేసేది ఎవరు? మనమా, వాళ్ళా?

"మరి ఇక్కడ మేస్త్రి రేపొస్తానంటే రాడు కదా?" అని మాస్టారు ఒకసారి నన్ను నిలదీశారు. నిజమే, రాడు. కాని అదే మేస్త్రి చీటీ వాయిదా ఒక్కరోజు దాటనివ్వడు. దాటితే చీటీలో ఉన్నవాళ్ళంతా గుమ్మం ముందుకొస్తారు. అదే మేస్త్రి ప్రోనోటు రాస్తే స్టాంపు మీద సంతకం పెడతాడు, మూడేళ్ళు నిండకుండా వెనకవైపు చెల్లు వేస్తాడు. మనిషి అతనే. అతనికి వచ్చిన సామెతలూ అవే. మాట తప్పితే అడిగే దారి ఒకచోట ఉంది, ఒకచోట లేదు. ఎస్పూలో మనిషి వేళకు వస్తున్నాడంటే అక్కడా అడిగే దారి ఉందని అర్థం. ఆ దారి లేని రోజుల్లో ఏం జరిగిందో యుస్సి కథే చెబుతోంది.

అందుకే ఇప్పుడు నేను సామెతలు ఏరడం మానేశాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. వృత్తి మాటలు ఏరడానికి అది దారి వేసింది. ఆ దారిలోనే బేరాల మాటలు ఏరుతున్నాను. మక్తా, పాలు, శిస్తు, వచ్చే ఏడూ నీకే అనే హామీ, పంట పోతే చూసుకుందాంలే అనే హామీ. పామర్రు, మొవ్వ, గుడివాడ, చల్లపల్లి వైపు కౌలు బేరం ఏ మాటలతో మొదలై ఏ మాటతో ఖాయమవుతుంది, తేడా వచ్చినప్పుడు ఎవరు ఏ మాటను గుర్తుచేస్తారు అన్నదే నా పని.

కౌలుకు చేసినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు ఈ సభలో ఇద్దరూ ఉన్నారు. మీ బేరం ఎలా జరిగిందో నాకు చెప్పండి. పేర్లు రాయను, ఊరూ రాయను. సభ అయ్యాక ఇక్కడే ఉంటాను. ఇంకొక్క మాట. వచ్చే సార్వాకు పొలం పట్టే ముందు, చట్టం చెప్పిన నమూనాలో కాకపోయినా సరే, ఒక తెల్లకాగితం మీద బస్తాలెన్నో, ఎన్నేళ్ళో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.