కొండ ఊళ్ళో వానాకాలం



అరకులోయ అనగానే చాలామందికి చలికాలమే గుర్తొస్తుంది. కార్తీకమాసంలో వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూస్తాయి కదా, అప్పుడు బళ్ళకొద్దీ జనం వెళ్ళి ఫోటోలు తీయించుకొస్తారు. వానాకాలంలో వెళ్ళమంటే మాత్రం "ఏముందండీ అక్కడ, బురదా జలగలూ తప్ప" అంటారు. మావారి ఉద్యోగం రీత్యా నేను ఆ ఊళ్ళో ఆరు వానాకాలాలు గడిపాను. చలికాలంలో అరకు ముస్తాబై కూర్చుంటుంది. దాని అసలు సంసారం ఎలా సాగుతోందో తెలియాలంటే వానల్లోనే చూడాలి.

మనకి మైదానంలో మబ్బు నెత్తిమీద వుంటుంది. అక్కడ వంటింట్లోకే వచ్చేస్తుంది. తేమగాలి కొండకి తగిలి పైకి లేస్తుంది, పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి అంత తేమని మోయలేదు గనక మబ్బు కడుతుంది. పాఠంగా చెబితే ఇంతే. గృహిణికి మాత్రం దీని అర్థం వేరు. జాడీలో ఉప్పు నీరుగారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపెట్టె పొయ్యి పక్కనే పెట్టుకోవాలి, పిల్లల బట్టలు నాలుగు రోజులకైనా ఆరవు. ఇన్ని తిట్లు తిట్టుకుంటూనే కిటికీ దగ్గర నిలబడితే పని మరిచిపోతాం. గాలి వీచినప్పుడల్లా సిల్వరు ఓకు చెట్ల ఆకులు తిరగబడి, అడుగు వైపు తెలుపు కనబడి, కొండంతా ఒక్కసారి వెండిపూత పూసినట్టవుతుంది. కాఫీ మొక్కలకి నీడ కోసం పెంచే చెట్లవి. పుట్టిల్లు ఆస్ట్రేలియా.

ఆరుద్ర కార్తెలో వానపడితే ఎర్ర మఖమలు ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేలమీదికి వస్తాయి. అప్పుడే దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. ఆ పురుగులు ఉసిళ్ళని తింటాయి, అందుకే రెండూ ఒక్కసారే వస్తాయి. ఆ తరవాత పుట్టగొడుగులు. ఆ పేరు ఊరికే పెట్టలేదు మన పెద్దలు! చెదపురుగులు పుట్టలోపల ఒక బూజుని పెంచుకుంటాయి. వానలకి అదే గొడుగై పైకొస్తుంది. కొండవాళ్ళు వాటిని ఏరి వండుకుంటారు, చాలా రుచి. కాని ఏది తినాలో, ఏది తినకూడదో వాళ్ళకి తరాలుగా తెలుసు. వండేటప్పుడు వెండి చెంచా వేసి, నల్లబడకపోతే మంచివే అనుకునేవాళ్ళు మనలో వున్నారు. దాన్ని నమ్మకండి. ప్రాణం తీసే పుట్టగొడుగులు చెంచాని నల్లబరచవు.

శ్రావణంలో వెదురు కొమ్ములు వస్తాయి. పచ్చివి తినకూడదు. సన్నగా తరిగి, బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు కూర చెయ్యాలి. చేదూ పోతుంది, విషగుణమూ పోతుంది. ఇదంతా నాకు నేర్పింది మా ఇంటికి అవి తెచ్చి అమ్మే ఒక గిరిజన స్త్రీ. నాకంటే పెద్దదే అయినా నన్ను "అమ్మా" అనేది, నేనావిణ్ణి "అప్పా" అనేదాన్ని. ఓరోజు నా బిందెలోకి తొంగిచూసి, "అమ్మా, ఇవి ఏ గెడ్డ నీళ్ళు? తూరుపు గెడ్డవైతే తాగొద్దు. ఆ కొండకి బట్ట లేదు" అంది.

కొండకి బట్ట లేకపోవడమేమిటి అనిపించింది. మా ఊరి పక్కన రెండు గెడ్డలుండేవి. ఒకటి కాఫీ తోటల్లోంచి వస్తుంది. రెండోది తూర్పున, చెట్లు కొట్టేసిన కొండమీంచి వస్తుంది. ఆ మాట విన్నప్పటినుంచీ ప్రతి వానకీ వాటిని చూడ్డం నాకొక వ్యసనమైపోయింది. వాన మొదలైన అరగంటకే తూర్పు గెడ్డ ఎర్రగా ఇటుకపొడి కలిపినట్టు, రాళ్ళు దొర్లించుకుంటూ ఉరికేది. సాయంత్రానికి మళ్ళీ చీలమండ లోతు. తోట గెడ్డకి అంత తొందర లేదు. మర్నాటికి గాని పొంగేది కాదు, పొంగినా పల్చని టీ రంగే. సంక్రాంతి నాటికి తూర్పు గెడ్డలో ఇసుక మిగిలేది, తోట గెడ్డలో బిందె మునిగేది. రెండింటి మీదా పడ్డది ఒకే వాన!

ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. రెండు పళ్ళాల్లో పెరటి మట్టి పరిచి, ఒకదానిమీద ఎండుటాకులు కప్పండి. రెండింటినీ కాస్త వాల్చి, చిల్లుల డబ్బాతో పైనుంచి నీళ్ళు పొయ్యండి. ఉత్త మట్టి మీద ప్రతి చినుకూ చిన్న సుత్తిదెబ్బే. మట్టి రేగి, సందులు పూడిపోయి, నీరు లోపలికి దిగక పైనుంచే జారిపోతుంది. ఆకులున్న పళ్ళెంలో నీరు నెమ్మదిగా ఇంకి, అడుగునుంచి తేటగా వస్తుంది. పిల్లలకి ఇది చూపించండి, గంటసేపు అల్లరి మానేస్తారు.

కొండలు బోడి కావడానికి పోడు వ్యవసాయమే కారణమని పట్నంలో కూర్చుని అనేస్తాం. నాకది పూర్తి న్యాయంగా తోచదు. వెనకటికి ఓ చోట పోడు కొట్టి, చాలా ఏళ్ళు ఆ జోలికి పోకుండా వదిలేసేవారు. అడవి మళ్ళీ లేచేది. ఇప్పుడా విరామం కుదించుకుపోయింది. రోడ్లకీ, మనం వెళ్ళి దిగే లాడ్జీలకీ కొండని నిలువునా కోస్తున్నవాళ్ళు పోడు చేసేవాళ్ళు కాదు కదా! 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సిల్వరు ఓకులు కుప్పకూలి, ఎన్నో కాఫీ తోటలు నీడలేనివైపోయాయి. ఇక కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సంగతి. 58 సొరంగాలు తొలిచి వేసిన దారి అది. జోరువానల్లో కొండచరియలు పట్టాలమీద పడి బళ్ళు ఆగిపోవడం మనం వింటూనే వున్నాం.

ఆ కొండలేమైతే మనకేం అంటారేమో. విశాఖపట్నంలో వున్నవారు మీ కుళాయినే అడగండి. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయానికి చేరుతుంది. నగరానికొచ్చే మంచినీళ్ళలో కొంత వాటా దానిదే. పైన బట్టలేని కొండమీంచి కొట్టుకొచ్చిన మట్టి జలాశయం అడుగున పేరుకున్నకొద్దీ నీళ్ళు పట్టే చోటు తగ్గిపోతుంది. నీళ్ళు బురదగా వస్తే పటికతోనో, మన అమ్మమ్మల్లాగా బిందె లోపల చిల్లగింజ అరగదీసో తేర్చుకోవచ్చు. కాని తేరినంత మాత్రాన క్రిములు చావవు. కాచి చల్లార్చి తాగవలసిందే.

ఈసారి శ్రావణంలోనే అరకు వెళ్ళిరండి. దారిలో ప్రతి వంతెన దగ్గరా కారాపి కిందికి చూడండి. నీళ్ళు ఎర్రగా వున్నాయా, తేటగా వున్నాయా చూసి, ఆపైన తలెత్తి ఆ కొండ వాలుని చూడండి. గొడుగు మాత్రం వృథా, గాలికి తిరగబడిపోతుంది. అక్కడి ఆడవాళ్ళు వెదురూ, అడ్డాకులూ కలిపి అల్లిన గిడుగు నెత్తిన పెట్టుకుంటారు. వీపంతా కప్పుతుంది, రెండు చేతులూ ఖాళీగా వుంటాయి, వంగి నాట్లు వేసుకోవచ్చు. నేను సంతలో ఒకటి కొని తెచ్చాను. మా అమ్మాయి దాన్ని గోడకి అలంకారంగా తగిలిస్తానంది. నేను ఒప్పుకోలేదు. వానొస్తే బావి దగ్గరికి అదే పెట్టుకు వెళ్తున్నాను.

సెలవు.