కొలువు మారినవారి ప్రావిడెంటు ఫండు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన యువకులు పూర్వమువలె నొక్క కొలువుననే జీవితమెల్ల గడపుట లేదు. కొలువు మారినపుడెల్ల తమ ప్రావిడెంటు ఫండును పాత యజమాని లెక్కలోనే విడిచి వచ్చుచున్నారు. దానిని క్రొత్త లెక్కకు జేర్చుకొనుట యెంత కష్టమో మేము స్వయముగా జూచితిమి గావున నీ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మా యన్నగారి కుమారుడు హైదరాబాదున నొక సంస్థయందు 6 సంవత్సరములు పనిచేసి విడిచెను. కొన్ని మాసములు పని లేకుండుటచే పింఛను భాగముతో గూడ సొమ్మంతయు దీసికొన నుద్యుక్తుడయ్యెను. మేము వారించితిమి. 1995వ సంవత్సరమున నేర్పడిన పింఛను పథకము ననుసరించి 58వ యేట పింఛను పొందుటకు 10 సంవత్సరముల సేవ యుండవలయును. పింఛను భాగము నొకమారు దీసికొన్నచో నా సేవ లెక్కకు రాదు. అతడు పిదప మరియొక సంస్థయందు 5 సంవత్సరములు పనిచేసెను. రెండును గలసిన 11. మొదటిది పోయిన 5 మాత్రమే.

తరువాత బదిలీకి దరఖాస్తు చేయగా నది తిరస్కరింపబడెను. కారణమేమనగా, పాత సంస్థవారి పుస్తకమున మా యింటిపేరు పొడియక్షరముగా నుండెను. ఆధారు పత్రమున బూర్తిగా నుండెను. అమరకోశమున నొక్క దేవునకు ననేక నామములు గలవు గాని, కార్యాలయమున మానవునకు నామ మొక్కటియే యుండవలయును! అది దిద్దించుసరికి రెండవ చిక్కు: అతడు కొలువు విడిచిన తేదిని పాతవారు వ్రాయనే లేదు. జాబులకు బదులు లేదు. కొలువు విడిచిన రెండు మాసముల పిమ్మట సభ్యుడే యా తేదిని నమోదు చేసికొను వీలు 2020 నుండి కలదని తెలిసి, యట్లే చేయించితిమి. ఎనిమిది మాసములకు సొమ్ము చేరెను.

2014 నుండి సభ్యునకు మారని సంఖ్య యొక్కటి యీయబడుచున్నను, పేరును తేదియు సరిగా లేనిచో నా సంఖ్య యొక్కటియే చాలదు. కావున యువకులారా! కొలువులో నున్నపుడే పేరు, జన్మదినము సరిచూచుకొనుడు. వారసుని పేరు వ్రాయించుడు. విడిచిన తేది నమోదైనదో లేదో కనుగొనుడు. అవసరము మిక్కిలి గానిచో పింఛను భాగమును ముట్టకుడు.

పోషక మహాశయులకు మరియొక మనవి. మీలో మిల్లులు, దుకాణములు నడపువారు గలరు. పనివాడు వెడలిన నాడే గుమాస్తాచే నా తేదిని వ్రాయించుడు. మీకది క్షణకాలపు పని. అతనికి వార్ధక్యమున నన్నము. మన సంఘమువారును ప్రతి శాఖయందు నీ విషయము దెలిసిన యొకరిని నియమించి, దరఖాస్తులు వ్రాయుటయందు మనవారికి దోడ్పడ బ్రార్థించుచున్నాము.



శుభమ్.