ఓరియన్ నెబ్యులా ఫొటోలో మాయమైన నాలుగు నక్షత్రాలు

మొన్న జనవరిలో నేను ఓరియన్ నెబ్యులా ఫొటో తీశాను. చిన్న టెలిస్కోప్, ట్రాకర్, పాత డీఎస్ఎల్ఆర్. ఒక్కో షాట్ 60 సెకన్లు. గులాబీ రంగు మేఘంలా భలే వచ్చింది. ఇంటికొచ్చి అమ్మకి చూపించా. "బావుందిరా, మరి ఈ వెలుగంతా ఎక్కడ్నుంచి వస్తోంది?" అంది. "ఇదిగో, మధ్యలోంచి" అని జూమ్ చేశా. అక్కడ ఒక తెల్ల మచ్చ, అంతే!

నిజానికి అక్కడ ట్రెపీజియం అనే నాలుగు నక్షత్రాల గుంపు ఉంటుంది. మన నుంచి దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరం. వాటిలో పెద్దది థీటా-1 సి. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలైతే, దీనిది 35,000 పైమాటే. దాని అల్ట్రావయొలెట్ కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్లీ వచ్చి అతుక్కుని, మెట్టు మెట్టుగా కిందికి దిగేటప్పుడు ఎర్రటి కాంతి వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 656 నానోమీటర్లు. మామూలు కెమెరాల్లో, ఫోన్లలో ఉండే ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అందుకే ఫొటోలో గులాబీగా కనిపిస్తుంది.

మరి నక్షత్రాలు ఏమయ్యాయి? అంచుల్లో ఉన్న మసక మేఘం కోసం 60 సెకన్లు పెట్టా. ఆలోపు మధ్యలో పిక్సెల్స్ పూర్తిగా నిండిపోయాయి. ఎడిటింగ్‌లో స్లైడర్ ఎంత లాగినా రావు, అక్కడ డేటానే లేదు కాబట్టి.

మళ్లీ వెళ్లా. ఈసారి 60 సెకన్ల షాట్లతో పాటు 2 సెకన్లవి కూడా తీసి, రెండూ కలిపా. నాలుగు చుక్కలూ విడివిడిగా వచ్చాయి! 1880లో హెన్రీ డ్రేపర్ ఈ నెబ్యులాని మొదటిసారి ఫొటో తీశాడు, 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో. మనకి 2 సెకన్లు చాలు చూడండి.

ఫోన్ ఉన్నా ట్రై చేయండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా రాత్రి 8, 9 గంటలప్పుడు వరుసగా మూడు నక్షత్రాలు కనిపిస్తాయి. వాటికి కాస్త దక్షిణంగా చూడండి. ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి, ప్రో మోడ్‌లో 10 సెకన్లు, టైమర్ ఆన్. నాలుగు నక్షత్రాలు విడిగా రావు, చిన్న మసక మరక వస్తుంది. అదే నెబ్యులా.

ఈసారి అమ్మకి వేలు పెట్టి చూపించా: "ఇవిగో దీపాలు." మీ ఫొటోలు కామెంట్స్‌లో పెట్టండి.