సింహముల యింటికి ఒకనాటి ప్రయాణము



మాది వరంగల్లు చెంతనున్న హసన్‌పర్తి. నేను నేడు తమకు విన్నవింపదలచిన విషయము చిన్నది. మనుమలను వెంటబెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరి, సింహములను పులులను చూచి, రాత్రికి మరల ఇల్లు చేరుట ఎట్లనునదే ఆ విషయము. ఇందులో ఆలోచింపవలసినదేమి కలదని నేనును ఒకప్పుడు తలచితిని. ఆలోచింపకయే పోయి సిగ్గుపడి వచ్చితిని. ఆ సిగ్గు నేర్పిన పాఠమునే తమ యెదుట ఉంచుచున్నాను.

మొదట సఫారీయను మాటను గూర్చి కొంచెము. ఇది ఆఫ్రికాఖండమునందలి స్వాహిలీ భాషలోని మాట. ప్రయాణమని దాని యర్థము. మన ప్రాంతపు పెద్దలకు ఉర్దూలోని సఫరు తెలిసినదే గదా! రెంటికిని మూలము అరబ్బీయే. పూర్వము తుపాకులు పట్టుకొని వేటకు పోవు ప్రయాణమునకు ఈ పేరుండెను. నేడు మృగములను చూచి వచ్చుటకే ఆ పేరు నిలిచినది. ఇనుపజాలి అమర్చిన బండిలో మనము కూర్చుందుము. మృగము బయట తిరుగుచుండును. పంజరము మనది, బయలు దానిది.

మాకు దాపున జంతువులు లేకపోలేదు. హనుమకొండలో హంటరు రోడ్డున కాకతీయ జంతుప్రదర్శనశాల కలదు. నర్సంపేట దాటిపోయినచో పాకాల అభయారణ్యము కలదు. అచటి చెరువు 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని కాలమున కట్టబడినది. అయినను అడవిమృగము మనము కోరిన గడియకు వచ్చి నిలువదు. పైగా మా మనుమడు కోరినది సింహమును. సింహము మన అడవులలో లేదు. మన దేశమున అది స్వేచ్ఛగా తిరుగుచున్నది గుజరాతునందలి గిరి అడవులలోను వాని పరిసరములలోను మాత్రమే. 2025వ సంవత్సరపు లెక్కలో అవి 891 అని తేలినవి. అంత దూరము పోలేనివారికి హైదరాబాదే దిక్కు.

అచట మీరాలం చెరువు ప్రక్కన సుమారు 380 ఎకరములలో నెహ్రూ జంతుప్రదర్శనశాల కలదు. పూర్వము బాగేఆంలో నుండిన జంతువులను ఇచటికి తరలించిరి. 1963వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని దీనిని ప్రజలకు తెరచిరి. 1974లో సింహముల సఫారీ ఏర్పడినది.

ఇక నా కథ. మొదటిమారు మేము వేసవి సెలవులలో పోయితిమి. తీరికగా భోజనముచేసి, బండి దొరకినప్పుడు ఎక్కి, నగరమునందలి రద్దీని దాటి చేరునప్పటికి ఎండ నడినెత్తి దాటినది. సఫారీ బండికొరకు జనము బారులు తీరియుండిరి. మా వంతు వచ్చినప్పుడు చూచినదేమి? చెట్టునీడను నాలుగు కాళ్లు చాచి పడియున్న సింహము! సింహము దినమునకు 20 గంటలవరకును విశ్రమించు జంతువని నాకు అప్పుడు తెలియదు. మనుమని ముఖము చిన్నబోయినది.

బండి దిగి నడచుచు ఎలుగుబంటి యున్న చోటికి వచ్చితిమి. అదియు బండచాటున పండుకొనియున్నది. ఇంత దూరము వచ్చి ఒక్కటైనను కదలుట చూడకపోతిమే యని నాకు విసుగు పుట్టినది. చేలలో కోతులను తరిమిన పాతచేయి గదా! క్రిందనున్న గులకరాయి తీసి విసరితిని. అది ఎలుగుప్రక్కన పడినది. మృగము తలయెత్తి చూచి మరల తల వాల్చినది. అప్పుడు మా మనుమడు, వానికి ఎనిమిదేండ్లు, నా ముఖము చూచి, “తాతా, పండుకున్నదాన్ని రాయితోని కొడ్తరా?” అనెను.

నాకు మారుమాట రాలేదు. అచటి కావలివాడు వచ్చినాడు. వాడు కేకలు వేయలేదు. “అయ్యా, ఇది దాని పండుకొను వేళ. మీరు వేళతప్పి వచ్చినారు. తప్పు దానిది కాదు,” అని మాత్రము పలికెను. ఊరిలో పదిమందికి తగవు తీర్చు నేను, చిన్నవాని యెదుట తలవంచుకొని నిలుచుంటిని. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జంతుప్రదర్శనశాలలోని జంతువును వేధించుటయు, దానికి తిండి పెట్టుటయుకూడ నేరమని తరువాత తెలిసినది. చట్టముకంటె ఆ పిల్లవాని మాటయే నన్ను ఎక్కువ బాధించినది.

ఇంటికి వచ్చి ఆలోచించితిని. చుట్టము నింటికి పోవునప్పుడు వారికి అనువైన వేళ చూచుకొనిపోదుము. నడిరేయి తలుపుతట్టి, లేచి ఆటపాటలు చూపుమనము. మృగము విషయమున ఆ మర్యాద ఏల మరచితిమి? ప్రయాణపు ఏర్పాటు మన సుఖముకొరకే యనుకొంటిమి. అది ఆ జీవులపట్ల మర్యాదకూడనని అప్పుడు తోచినది.

రెండవమారు పోయినప్పుడు చేసిన ఏర్పాటు ఇది. వరికోతలు ముగిసి చలి పట్టిన మార్గశిరమును ఎంచుకొంటిమి. సోమవారము అచట సెలవు. పండుగదినములలోను ఆదివారములలోను జనసమ్మర్దము. అందువలన బుధవారము నిశ్చయించితిమి. తెల్లవారుజామున 4 గంటలకు ఇల్లు విడచి కాజీపేట చేరి రైలెక్కితిమి. అచటినుండి సికిందరాబాదు సుమారు 130 కిలోమీటర్లు. అటుపిమ్మట నగరమును ఈ కొననుండి ఆ కొనకు దాటవలెను గనుక దానికి ఒక గంటకు పైగా కేటాయించితిమి. రొట్టెలు, పులిహోర, స్టీలు చెంబులలో నీళ్లు ఇంటినుండియే తీసికొనిపోయితిమి. ప్లాస్టికు సంచులను ఇంటనే విడచితిమి. గాలికి ఎగిరిన సంచిని తిని జంతువులు ప్రాణము పోగొట్టుకొనుట కలదు.

ద్వారము దాటగనే మొదట సఫారీ టిక్కెట్లు తీసికొంటిమి. అవి ప్రవేశపు టిక్కెట్లకు వేరు. ప్రొద్దుటి చల్లదనమున సింహములు లేచియున్నవి. ఒకటి బాటకు అడ్డముగా మెల్లగా నడచి, బండివంక చూచి, మమ్ము లెక్కసేయక పోయినది. మనుమడు ఊపిరి బిగబట్టి చూచినాడు. ఒక్క మాటయు పలుకలేదు. ఎండ ముదిరినప్పుడు పెద్ద మృగములను విడచి నిశాచర జంతువుల శాలలోనికి పోయితిమి. అచట పగలు వెలుతురు తగ్గించి చీకటిచేసి, రాత్రి దీపములు వెలిగింతురు. అందుచే ఆ జీవులు మన పగటిని తమ రాత్రిగా నెంచి మెలకువతో తిరుగును. చూచువాని సౌకర్యమును, జంతువు స్వభావమును రెంటిని కలిపిన ఉపాయమిది. నా భార్యకు మోకాళ్లనొప్పి. ఆమెకు బ్యాటరీబండి సాయపడినది. మధ్యాహ్నము చెట్టుక్రింద భోజనముచేసి గంటసేపు విశ్రమించితిమి. అన్నింటిని చూడవలెనను ఆశ విడచితిమి. పది చూచి అలసిపోవుటకంటె నాలుగు నిదానముగా చూచుట మేలు.

తిరుగుముఖము పట్టుటకు ముందు మరల ఎలుగుబంటి చెంతకు పోయితిమి. చల్లబడినది గనుక అది మేలుకొని, గోళ్లతో మన్ను త్రవ్వుచుండెను. మేము చప్పుడుచేయక చాలసేపు చూచితిమి. మనుమడు నా కుడిచేతిని గట్టిగా పట్టుకొనియుండెను. భయముచేత పట్టుకొనెనో, ఆ చేయి మరల రాయి తీయకుండ చూచుటకు పట్టుకొనెనో నేను అడుగలేదు.

పెద్దలారా, మన పిల్లలు మృగములను చూచుటకు పోవునప్పుడు మనలనుకూడ చూచుచుందురు. వేళ యెరిగి పొండు; నెమ్మదిగా చూచి రండు. సెలవు.