ఇంటిల్లిపాదీ నడక: కాలువ గట్టు నుండి గుంటుపల్లి గుట్ట దాకా

(రోగుల కుటుంబ సభ్యుల కొరకు ఆసుపత్రిలో ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సభలో ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పొద్దుటి నుండి వార్డు బయట వరండాలోనే కూర్చుని ఉన్నారు. లోపల మీ మనిషి పడుకుని ఉంటే మీ మనసు ఇక్కడ ఉండదని నాకు తెలుసు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టను.

డిశ్చార్జి రోజున డాక్టరుగారు చీటీ మీద మందులన్నీ రాసి, చివర “రోజూ అరగంట నడవాలి” అని ఒక ముక్క రాస్తారు. మందులు మీరు జాగ్రత్తగా కొంటారు, వేళకు వేస్తారు. ఆ చివరి ముక్కను మాత్రం పేషెంటుకే వదిలేస్తారు. నేను ఇవాళ మాట్లాడేది ఆ ముక్క గురించే. దయచేసి దాన్ని ఇంట్లో వాళ్ళందరికీ రాసిన మాటగా తీసుకోండి.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా నాన్నగారికి పదిహేనేళ్ళ క్రితం షుగరు బయటపడింది. అప్పటికే నేను ఈ వృత్తిలో ఉన్నాను, ఊరందరికీ వ్యాయామాలు చెప్పేవాణ్ణి. ఆయనకు కొత్త బూట్లు కొనిచ్చి, “నాన్నా, రోజూ హైవే దాకా వెళ్ళి రండి” అని చెప్పి నా డ్యూటీకి నేను పోయేవాణ్ణి. బూట్లు కరుస్తున్నాయని ఆయన పాత హవాయి చెప్పులతోనే వెళ్ళేవారట. లారీలు, బస్సులు పోయే రోడ్డు పక్కన, ఒక్కరే. ఒకరోజు తుమ్మముల్లు చెప్పులోంచి పాదంలోకి దిగింది. ఆయనకు తెలియలేదు. షుగరు ఎక్కువకాలం అదుపులో లేకపోతే నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బయటపడటం అప్పుడే గానీ, జబ్బు ఎన్నాళ్ళ నుండి ఉందో మరి. నాలుగైదు రోజుల తర్వాత దుప్పటికి చీము మరక చూసి మా అమ్మ కేక వేసింది. చివరకు రెండు వేళ్ళు తీయవలసి వచ్చింది.

ఆ నాలుగైదు రోజుల్లో ఒక్క సాయంత్రం నేను ఆయనతో నడిచి, ఇంటికొచ్చాక ఆ పాదం తిప్పి చూసి ఉంటే అంత దాకా వచ్చేది కాదు. చూడలేదు. ఈ సంగతి ఇంతమంది ముందు చెప్పడానికి నాకేమీ గొప్పగా లేదు. మీ ఇంట్లో జరగకూడదని చెబుతున్నాను.

పుండు పూర్తిగా మాని, ఇక నడవవచ్చని డాక్టరుగారు చెప్పాక మా అమ్మ ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. ఆయన ఒక్కరే గుమ్మం దాటకూడదు. ఒకరోజు నేను, ఒకరోజు మా ఆవిడ, సెలవు రోజైతే పిల్లలతో సహా అందరం. హైవే పూర్తిగా మానేశాం.

“మాకు కొండలు లేవు, అడవి లేదు, పార్కు లేదు, ఎక్కడ నడవమంటారండీ” అని నన్ను చాలామంది అడుగుతారు. నిజమే, మన ఉంగుటూరు చుట్టూ అంతా చదును నేల. పొలం, కాలువ, చేపల చెరువు, మళ్ళీ పొలం. కానీ ఏలూరు కాలువ గట్లు ఉన్నాయి, పొలాలకు పోయే పుంతలు ఉన్నాయి. జబ్బుపడి లేచినవారికి మొదట కావలసింది చదును నేలే. మొదటి వారం పది నిమిషాలు చాలు. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిచినా రక్తంలో షుగరు పెరుగుదల తగ్గుతుంది. ఓపికను బట్టి వారం వారం కాస్త పెంచుకుంటూ పొండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ ఉండాలి. అయిదు నుండి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఉండాలి. అంటే తాతగారి కంటే మనవడికే ఎక్కువ నడక కావాలి! వాడు సెల్‌ఫోన్ పట్టుకుని మంచం మీద ఉంటాడు, తాతగారిని మాత్రం నడవమంటాం.

ఎంత వేగం అంటారా? నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఇదే కొలత. పక్కన మాట్లాడేవారు లేకపోతే ఈ కొలత ఎలా తెలుస్తుంది చెప్పండి.

ఇలా గట్టు మీద ఏడెనిమిది నెలలు నడిచాం. డిసెంబరు నెలలో పిల్లలు గుంటుపల్లి వెళదామని పట్టుబట్టారు. మీలో డెల్టా గ్రామాల వారు కొందరు అటు వెళ్ళి ఉండకపోవచ్చు. భీమడోలు దగ్గర హైవే వదిలి, ద్వారకా తిరుమల మీదుగా కామవరపుకోట వెళ్ళాలి. అక్కడికి దగ్గరలో జీలకర్రగూడెం అనే ఊరు. ఏలూరు నుండి అయితే సుమారు 40 కిలోమీటర్లు. భీమడోలు దాటి కాస్త దూరం పోయేసరికి నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. వరిచేలు తగ్గి ఆయిల్‌పామ్, జీడిమామిడి, మామిడి తోటలు మొదలవుతాయి. రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అదంతా మెట్ట. జీలకర్రగూడెం పక్కన చెట్లు కమ్ముకున్న గుట్టల్లో రెండువేల ఏళ్ళకు పైబడిన బౌద్ధ గుహలు ఉన్నాయి. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి.

మెట్లు చూసి నాన్నగారు వెనకాడారు. “మీరు వెళ్ళిరండిరా, నేను ఈ చెట్టు కింద కూర్చుంటాను” అన్నారు. మా చిన్నవాడు చెయ్యి వదల్లేదు. చేతికర్ర ఇచ్చి, పది మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కించాం. ఎక్కడ ఆగితే అక్కడ కూర్చున్నాం. ఎవరూ తొందరపెట్టలేదు. పైన రాతిలో గుండ్రంగా తొలిచిన చైత్యగృహం ఉంది. లోపల మధ్యలో రాతి స్తూపం, దాని చుట్టూ తిరగడానికి సన్నని దారి. నాన్నగారు లోపలికి వెళ్ళి తల పైకెత్తి నిలబడిపోయారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఊళ్ళో తాటాకు పాకలు కప్పేవారు. “ఒరే, ఇవి వాసాలురా! పాక కప్పును రాతిలో చెక్కారు” అన్నారు. నిజంగానే ఆ కప్పు గుండ్రటి గుడిసెకు వాసాలు పేర్చినట్టే ఉంటుంది. ఆ కాలపు చెక్క కట్టడాలను చూసి రాతిలో అలా మలిచారని చెబుతారు. బీహారులోని బరాబర్ గుహలతో దీన్ని పోలుస్తారు. ఆ తర్వాత ఆయన్ను ఆపడం మా తరం కాలేదు. భిక్షువులు ఉన్న గుహలు, గుట్ట మీద వరుసగా ఉన్న చిన్న చిన్న స్తూపాలు, అన్నీ మనవళ్ళకు చూపిస్తూ ఆయనే తిరిగారు. మూడు నెలలుగా నేను అరగంట దాటించలేని మనిషి, ఆరోజు ఆగుతూ కూర్చుంటూ రెండు గంటలు కాళ్ళ మీద ఉన్నారు.

దిగేటప్పుడు మాత్రం నేను ముందు నడిచాను, ఆయన నా భుజం పట్టుకున్నారు. ఎక్కేటప్పుడు గుండెకు పని, దిగేటప్పుడు మోకాళ్ళకు పని. పడిపోయేది ఎక్కువగా దిగేటప్పుడే. కింద చెట్టు నీడన కూర్చోబెట్టి రెండు పాదాలూ కడిగి, వేళ్ళ సందులు కూడా చూశాను.

ఇలాంటి చోటికి బయలుదేరే ముందు మీ డాక్టరుగారిని తప్పక అడగండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, పాదానికి పుండు ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు అడగకుండా గుట్ట ఎక్కకూడదు. మోకాళ్ళు సహకరించని పెద్దవారుంటే కైకలూరు దగ్గర ఆటపాక తీసుకువెళ్ళండి. కొల్లేరులో గూడబాతులు గూళ్ళు పెట్టే చోటు అది. చలికాలంలో పొద్దున్నే వెళితే చదును దారిలో పక్షులను చూస్తూ నడవవచ్చు.

ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవారు ఏమీ తినకుండా బయలుదేరకూడదు. జేబులో పంచదార పొట్లం ఉండాలి, మీ జేబులో కూడా. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు కనబడితే షుగరు పడిపోతోందేమో అనుకోండి. వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఊపిరాడకపోవడం ఉన్నా అంతే. “కాస్త ఓర్చుకో, ఇల్లు దగ్గరికొచ్చేసింది” అని నడిపించకండి.

వేసవిలో ఎండెక్కకముందే ఇంటికి చేరాలి. నీళ్ళు వెంట ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులవారికి డాక్టరుగారు నీళ్ళకు కొలత చెప్పి ఉంటే ఆ కొలత దాటనీయకండి. సాయంత్రం గట్టు మీదకు టార్చిలైటు తీసుకువెళ్ళండి. పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి, మందు ఇక్కడే ఉంటుంది.

ఇక చెప్పుల సంగతి. షుగరు ఉన్నవారు గట్టు మీదే కాదు, ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగకూడదు. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి మేలు. వేసుకునే ముందు ప్రతిసారీ చెప్పు దులిపి, లోపల చెయ్యిపెట్టి చూడాలి. రాత్రి పడుకునే ముందు పాదం అడుగున మీరు చూడాలి. పెద్దవారికి నడుం వంగదు, చూపు ఆనదు, వారంతట వారు చూసుకోలేరు.

రేపు ఉదయం ఫిజియోథెరపీ గదిలో నేను ఉంటాను. మీ పేషెంటు వాడే చెప్పులు తీసుకురండి, అడుగు ఎలా అరిగిందో చూసి సరిపోతాయో లేదో చెబుతాను. ఇంట్లో ఉండిపోతే మీ అబ్బాయితో తెప్పించండి. వచ్చినవాణ్ణి కూడా కాసేపు ఉండమనండి, పేషెంటును వరండాలో పట్టుకుని నడిపించడం ఎలాగో వాడికే నేర్పుతాను.