గుండె ఆపరేషన్ అయ్యాక ఎవరు తోడు?

(సొసైటీ వార్షిక సమావేశంలో నర్సుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము పల్నాడులో గుండె రోగుల దగ్గర పనిచేసే నర్సులం. మందు రాసేది డాక్టరుగారు. ఆ మందు రోగి వేళకు వేసుకున్నాడా, మానేశాడా, మానేస్తే ఎందుకు మానేశాడు అని చూసేది మేము. ఈ రెండో పని గురించి దాతల ముందు మాట్లాడే అవకాశం మాకు అరుదు. అవకాశం ఇచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు.

మన దగ్గర గుండె జబ్బు అంటే అందరికీ గుర్తొచ్చేది గుండెపోటు. అది రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేది. మేము చెప్పబోయేది వేరే రకం. గుండె పొరలకు, కండకు, వాల్వులకు వాపు రావడం వల్ల, లేదా పుట్టుకతోనే గుండె నిర్మాణంలో లోపం ఉండడం వల్ల వచ్చే జబ్బులు. ఇవి ముసలివాళ్లను మాత్రమే చూసి రావు. బడికెళ్లే పిల్లలకు, పెళ్లి కావలసిన ఆడపిల్లలకు, బాలింతలకు వస్తాయి.

వీటిలో పేదల ఇళ్లను ఎక్కువగా పట్టేది రుమాటిక్ గుండె జబ్బు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, ఇంట్లో మర్చిపోతారు. రెండు మూడు వారాల తరవాత జ్వరం, మోకాలు వాచి తగ్గి మళ్లీ మోచేతికి పాకే నొప్పులు మొదలవుతాయి. సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన శరీరం పొరపాటున తన గుండెనే దెబ్బ కొట్టడం వల్ల జరిగేది ఇది. కీళ్ల నొప్పులు పోతాయి. గుండె వాల్వు మీద పడ్డ మచ్చ పోదు. మళ్లీ గొంతు నొప్పి, మళ్లీ జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ వాల్వు ఇంకాస్త బిగుసుకుపోతుంది, లేదా మూసుకోక కారుతుంది. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే ఇళ్లలో ఈ గొంతు నొప్పి ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుతుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేసిందంటే, ఇంత చవకగా ఆపగలిగే జబ్బు ఇంకా ఇంతమందిని పొట్టన పెట్టుకుంటున్నందుకే.

ఆపే మందు ఏమిటంటే బెంజథీన్ పెన్సిలిన్. పెద్దలకు, పెద్ద పిల్లలకు 12 లక్షల యూనిట్లు, బరువు తక్కువ ఉన్న చిన్నపిల్లలకు 6 లక్షలు. మన దేశంలో సాధారణంగా 21 రోజులకు ఒకసారి పిర్రకు వేస్తారు. అంటే ఏడాదికి 17 సార్లు. వాల్వు దెబ్బతిన్న పిల్లలకు చాలాసార్లు 40 ఏళ్లు వచ్చేదాకా వేయమంటారు. 12 ఏళ్లకు మొదలుపెట్టిన పిల్లకు లెక్క వేయండి, 480కి పైగా ఇంజెక్షన్లు. ఒక్కటి తప్పితే ఆ రోజు ఏమీ కాదు. అందుకే తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో మాకు తెలుసు. మిరప కోతల కాలంలో కూలి పోతుందని తల్లి రాదు. మాచర్ల అవతలి తండా నుంచి, గూడెం నుంచి రావాలంటే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి రెండూ పోతాయి. మందు చిక్కగా ఉంటుంది, నొప్పి ఎక్కువ, పిల్ల ఏడుస్తుంది. పెన్సిలిన్ పడకపోతే ప్రమాదమని భయపడి కొన్ని చోట్ల అసలు వేయరు. ఆ భయంలో నిజం కొంత ఉంది, అయితే అలాంటి ప్రమాదం అరుదు. అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, పెద్ద సూదితో, రెండు మూడు నిమిషాలు తీసుకుని మెల్లగా వేసి, అరగంట కూర్చోబెట్టి చూసే నర్సు ఉంటే చాలు. వాల్వు బాగా పాడై గుండె నీరసించిన వారికి ఇంజెక్షన్ మంచిదా, మాత్రలు మంచివా అన్నది మాత్రం డాక్టరుగారే నిర్ణయించాలి.

ఇక్కడ మాదొక చిన్న సూచన. 21 రోజులంటే సరిగ్గా 3 వారాలు. ఒక శుక్రవారం మొదలుపెడితే ఎప్పుడూ శుక్రవారమే వస్తుంది. జుమాకు వచ్చే తండ్రికి తేదీ గుర్తుండకపోవచ్చు, మూడో జుమా గుర్తుంటుంది.

ఇక ఆపరేషన్ సంగతి. బిగుసుకున్న మైట్రల్ వాల్వును ఛాతీ కోయకుండా తొడ దగ్గరి నాళం గుండా బెలూన్ పంపి తెరిచే పద్ధతిని జపాన్ వైద్యుడు కాంజీ ఇనోవే 1980లలో తెచ్చారు. వాల్వు మార్చాల్సి వస్తే, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన మన దేశపు వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో 2015లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. 2016లో అక్కడే గుండె మార్పిడి కూడా జరిగింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వల్ల పేదవాడికి ఆపరేషన్ అందని పండు కాదు. తక్కువ పడ్డ చోట మీరు చేయి వేశారు. అల్లాహ్ స్వీకరించుగాక.

అయితే ఆపరేషన్ రోజున చెక్కు ఇచ్చేవారు దొరికినంత తేలిగ్గా, ఆ తరవాత మూడో ఏట మాత్రలు కొనిచ్చేవారు దొరకరు. ఇనుప వాల్వు పెట్టించుకున్నవారు బతికినన్నాళ్లూ రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. తక్కువైతే వాల్వు మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం కావచ్చు. ఈ రెండింటి మధ్య నడవాలంటే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. మందు నిలకడగా ఉన్నా ఇంచుమించు నెలకోసారి. పథకంలో కొంతకాలం తరవాతి వైద్యం ఉన్నా, గడువు ముగుస్తుంది. మాత్ర ముగియదు.

ఇలాంటి ఇళ్లలో మేము చెప్పే జాగ్రత్తలు మీరూ తెలుసుకుంటే మీ బంధువుల్లో ఒకరికి పనికొస్తాయి.

రక్తం పలచబడే మాత్ర వేసుకునేవారు డాక్టరును అడగకుండా హిజామా చేయించుకోకూడదు. ఒంటి నొప్పులకు దుకాణంలో దొరికే మాత్రలు, హకీం పొడులు వేసుకోకూడదు. తోటకూర, మునగాకు మానేయక్కర్లేదు. ఒక వారం అసలు లేకుండా, ఒక వారం రోజూ తినకుండా, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. గుండె జబ్బున్న అబ్బాయికి సున్నతి చేయించేముందు గుండె డాక్టరుతో మాట్లాడాలి. మాత్ర ఎన్ని రోజులు ఆపాలో, ఆపాలో వద్దో ఆయనే చెప్పాలి.

వాల్వు జబ్బున్నవారికి జ్వరం వచ్చి మూడు రోజులైనా తగ్గకపోతే ఊళ్లో యాంటీబయాటిక్ సూది వేయించుకోవద్దు. గుండె లోపలి పొరకు సూక్ష్మజీవి పట్టి ఉండవచ్చు. ముందే మందు పడితే రక్తం కల్చర్ పరీక్షలో అది దొరకకపోవచ్చు. దొరికితే నాలుగు నుంచి ఆరు వారాలు నరం గుండా మందు ఇచ్చి కాపాడవచ్చు. ఆ సూక్ష్మజీవి చాలాసార్లు పుచ్చుపన్ను నుంచే వస్తుంది. అందుకే గుండె రోగికి మిస్వాక్ చేసుకోవడం సున్నత్ మాత్రమే కాదు, వైద్యం కూడా.

వెల్లకిలా పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే ఛాతీ నొప్పి గుండె చుట్టూ ఉన్న పొర వాపు కావచ్చు. మన ప్రాంతాల్లో దీనికి క్షయ కూడా ఒక కారణం. ప్రసవానికి ముందు చివరి నెలలోనో, తరవాత అయిదు నెలల లోపో ఆయాసం, కాళ్ల వాపు వస్తే బాలింత నీరసం అని వదిలేయకండి. అది గుండె కండ బలహీనపడడం కావచ్చు.

గుండె నీరసించిన వారికి ఉప్పు శత్రువు. ఆవకాయ, అప్పడం, ఎండు చేప మానాలి. రెంటచింతల ఎండల్లో నీళ్లు తగ్గించుకోమని చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పొద్దున్నే ఒక సీసాలో నీళ్లు నింపి పెట్టమంటాం. రోజంతా అందులోంచే. పొద్దున్నే లేవగానే బరువు చూసి రాసుకోమంటాం. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు. నిన్న ఒక దిండు చాలినవారికి ఇవాళ రెండు కావలసి వస్తే అది కూడా హెచ్చరికే. రంజాన్‌లో ఇలాంటి వారు ఉపవాసం ఉండాలా వద్దా అన్నది నెల ముందే డాక్టరునూ ఆలిమ్‌గారినీ అడగాలి. రోగికి మన ధర్మం ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడం తప్పు కాదు.

ఇంకొక మాట చెప్పడం కష్టమే, చెప్పక తప్పదు. ఆడపిల్లకు గుండె ఆపరేషన్ అయిందన్న సంగతి నికాహ్ ముందు దాచిపెడుతున్నారు. అత్తవారింట్లో తెలుస్తుందని ఆ అమ్మాయి మాత్రలు మానేస్తుంది. గర్భం వచ్చాక రక్తం పలచబడే మాత్ర బిడ్డకు హాని చేయవచ్చు కాబట్టి మందు మార్చాలి. దాచినవాళ్లు ఎవరికి చెప్పి మార్పించుకుంటారు? ముందే చెప్తే సంబంధం పోవచ్చు. దాస్తే ప్రాణమే పోవచ్చు. ఈ విషయంలో మస్జిద్ పెద్దలు, కాజీగారు నోరు విప్పితే మా మాట కంటే బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మేము అడగదలచుకున్నది. కొత్త భవనం అడగడం లేదు. నరసరావుపేటలో ఒకరు, మాచర్ల గురజాల వైపు ఒకరు, ఇద్దరు నర్సులు కావాలి. ప్రతి గుండె రోగికి ఒక పేజీ ఉండే రిజిస్టరు కావాలి. తేదీ తప్పిన మర్నాడు ఫోను చేసి, రాకపోతే ఇంటికి వెళ్లి చూసే మనిషి కావాలి. వేలి కొస రక్తంతో ఐ.ఎన్.ఆర్. చూసే చిన్న యంత్రం, దాని స్ట్రిప్పులు కావాలి. బడుల్లో పిల్లల గుండెలు పరీక్షించే పథకం 2013 నుంచి ప్రభుత్వానికి ఉంది. అక్కడ పట్టుబడ్డ బిడ్డను పెద్దాసుపత్రి దాకా చేయి పట్టి తీసుకెళ్లే తోడు కావాలి.

జకాత్ ఇందుకు వాడవచ్చా అని కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. ఫత్వా చెప్పేవాళ్లం మేము కాము. హనఫీ ఉలమాలు చెప్పేది, జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి సొంతంగా అందాలని, జీతాలకు వాడకూడదని. కాబట్టి రోగి మాత్రలకు, ఛార్జీలకు, పోయిన కూలికి జకాత్ నిధి, నర్సు జీతానికి, యంత్రానికి సదకా, లిల్లాహ్ నిధి అని రెండు ఖాతాలు విడిగా పెట్టమని కోరుతున్నాం. మీ ఇమామ్‌గారిని అడిగి నిర్ధారించుకోండి.

హజ్రత్ రుఫైదా అస్లమియా గురించి మీకు తెలిసే ఉంటుంది. మదీనాలో మస్జిద్ దగ్గర గుడారం వేసి, ఖందక్ యుద్ధంలో గాయపడ్డ హజ్రత్ సాద్ బిన్ ముఆజ్‌కు అందులోనే సేవ చేశారని చరిత్రలో ఉంది. గాయానికి కట్టు కట్టడంతో పని అయిపోయిందనుకుని ఉంటే ఆ గుడారం అవసరమే లేదు. రోజూ చూసేవారు ఉండాలనే గుడారం వేశారు.

మీ డబ్బుతో ఆపరేషన్ అయిన పిల్లలు ఇవాళ పల్నాడు ఊళ్లలో ఉన్నారు. వాళ్ల తరవాతి ఇంజెక్షన్ ఎప్పుడో ఎక్కడా ఒకచోట రాసి లేదు. ఈ ఏడాది ఆ రిజిస్టరు తెరవండి. మొదటి పేజీలు మేము నింపుతాం.