ఆన్‌లైన్ అంగడి: వెతికినవాళ్లకు దొరకాలంటే



ఇంట్లో పచ్చళ్లు పెట్టి దేశదేశాలకు పంపేవాళ్లు, నేతగాళ్ల దగ్గర మంగళగిరి, ఉప్పాడ, పోచంపల్లి చీరలు తీసుకుని సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లు, ఏటికొప్పాక లక్కబొమ్మలు పార్సిల్ కట్టేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరిని కదిపినా ఒకే బాధ చెబుతారు. సైట్ కట్టించాం, ఫొటోలు పెట్టాం, తెలిసినవాళ్లు కొంటున్నారు, కానీ గూగుల్‌లో వెతికేవాళ్లకు మా దుకాణం ఒకటి ఉందనే తెలియడం లేదు అని. ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం. వెతికేవాళ్లకు మన పేజీ దొరికేలా చేసుకోవడాన్ని ఎస్‌ఈఓ అంటారు. పేరు విని బెదరక్కర్లేదు. చిన్న దుకాణం వరకూ ఇందులో పెద్ద పని మీ సరుకు గురించి మీకు తెలిసినదంతా విడమరిచి రాయడమే. ఆ పని మీకంటే బాగా చేయగలవాళ్లు ఏ కంపెనీలోనూ ఉండరు.

గూగుల్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ఒకటి లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తూ చదువుతూ ఉంటుంది. చదివినవాటిని ఒక పెద్ద సూచికలో చేర్చుకుంటుంది. ఎవరైనా ఏదైనా వెతికితే ఆ సూచికలోంచి తీసి వరస పెట్టి చూపిస్తుంది. అది చదవలేని పేజీ సూచికలోకి ఎక్కదు. సూచికలో లేని పేజీ ఎంత బాగున్నా ఎవరికీ కనపడదు.

అందుకని మొట్టమొదట చూసుకోవలసింది, మీ పేజీలు అసలు సూచికలో ఉన్నాయా అని. గూగుల్‌లో ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ చిరునామా రాయండి. గూగుల్ దగ్గరున్న మీ పేజీలు వస్తాయి. ఏమీ రాలేదంటే ఎక్కడో తలుపు మూసి ఉండవచ్చు. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లలో సెట్టింగ్స్‌కు వెళ్తే రీడింగ్ అని ఒక విభాగం ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చేర్చుకోవద్దు అని చెప్పే చిన్న టిక్కు గడి అక్కడ ఉంటుంది. సైట్ కడుతున్నంత కాలం దాన్ని టిక్కు పెట్టి ఉంచడం మామూలే. పని అయ్యాక తీయడం మరిచిపోతారు. దుకాణం తెరిచి నెలలు గడిచినా గిరాకీ లేదని బాధపడేవాళ్లు ముందు ఆ గడి చూసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మన చిన్న దుకాణాల పేజీలు తెరిచి చూడండి. ఒక చీర ఫొటో, కింద ఇంగ్లిష్‌లో బ్యూటిఫుల్ శారీ అని రెండు మాటలు, ధరకు వాట్సాప్ చేయండి అని ఒక నంబరు. చాలాచోట్ల ఇంతే. కొందరు ధర, కొలత అన్నీ ఫొటో మీదే అక్షరాలుగా వేసేస్తారు. మనిషి చదువుతాడు సరే, గూగుల్ మాత్రం బొమ్మ మీది అక్షరాలు చదువుతుందన్న భరోసా లేదు. ధర దాచడమైతే నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. పక్క దుకాణంవాళ్లు చూస్తారని దాస్తారు. పక్కవాళ్లు ఎలాగూ ఫోన్ చేసి కనుక్కుంటారు. రాత్రి పదకొండింటికి పిల్లలను పడుకోబెట్టి ఫోన్‌లో చీర చూస్తున్న ఆవిడ మాత్రం ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతుంది. పేజీలో ధర, సరుకు ఉందా లేదా అన్నది పద్ధతిగా ఉంటేనే గూగుల్ వాటిని ఫలితాల్లో మీ పేరు పక్కన చూపించగలదు. గూగుల్ మర్చంట్ సెంటర్ అని ఇంకొకటి ఉంది. అందులో మీ సరుకు జాబితా చేరిస్తే ప్రకటన ఖర్చు లేకుండానే షాపింగ్ విభాగంలో కనిపించే వీలుంది. దానికీ ధర ఉండి తీరాలి.

మరి పేజీలో ఏం రాయాలి? దీనికి నా జవాబు ఒక్కటే. మీ వాట్సాప్ తెరవండి. కొనేవాళ్లు మిమ్మల్ని ఏం అడిగారో అదంతా ఒక కాగితం మీద రాసుకోండి. ఆవకాయ అమ్మేవాళ్లను ఏం అడుగుతారు? వెల్లుల్లి వేశారా, వేయనిది ఉందా? పప్పు నూనెతో పెట్టారా, పల్లీ నూనెతోనా? ముక్కకు టెంక ఉంటుందా? కారం ఎక్కువా? అర కిలో ఎంత, కిలో ఎంత? ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఎన్నాళ్లుంటుంది? డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి పంపుతారా, దారిలో నూనె కారదు కదా? చీరలవాళ్లను ఏం అడుగుతారు? చేనేతా, మరమగ్గమా? నూలా, పట్టా, రెండూ కలిపి నేసిందా? అంచు ఎన్ని అంగుళాలు? జాకెట్టు ముక్క ఉందా? మొదటి ఉతుకులో రంగు దిగుతుందా? ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?

ఈ ప్రశ్నలే కొనేవాళ్లు గూగుల్‌లోనూ అడుగుతారు. వెల్లుల్లి లేని ఆవకాయ కోసం వెతుకుతున్న మనిషికి ఆవకాయ అని మాత్రమే రాసిన పేజీ కంటే, వెల్లుల్లి వేయకుండా పప్పు నూనెతో పెట్టిన ఆవకాయ అని రాసిన పేజీ దగ్గరగా ఉంటుంది. ఉత్త ఆవకాయ అన్న మాట దగ్గర మీరు పెద్ద పెద్ద మార్కెట్ సైట్లతో పోటీ పడాలి, నెగ్గడం కష్టం. వెల్లుల్లి లేనిది, అర కిలో, అమెరికాకు పంపేది అన్న చోట పోటీ తక్కువ. వెతికేవాళ్లు కొద్దిమందే అయినా, వచ్చినవాళ్లు కొనాలనే వస్తారు. చిన్న దుకాణం బలం అక్కడే ఉంది. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నంబరు కూడా పేజీలో వేయాలి. అది చట్టం అడిగేది, కొనేవాళ్లకు నమ్మకం ఇచ్చేది. పట్టు చీరకు సిల్క్ మార్క్ ఉంటే, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే ఆ మాట రాసి, లేబుల్ ఫొటో కూడా పెట్టండి. లేనిదాన్ని ఉన్నట్టు మాత్రం రాయవద్దు.

వివరం రాశాక పేజీ శీర్షిక. గూగుల్ ఫలితాల్లో నీలం అక్షరాల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. దాన్ని చూసే జనం నొక్కేది. చాలా సైట్లలో అన్ని పేజీలకూ దుకాణం పేరే శీర్షికగా ఉంటుంది, లేదా హోమ్ అని ఉంటుంది. సరుకు పేరు ముందు, దాని ప్రత్యేకత తరవాత, దుకాణం పేరు చివర పెట్టండి. మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, ఆకుపచ్చ, ఆ తరవాత మీ పేరు. సుమారు 60 అక్షరాలు దాటితే తెర మీద చివర తెగిపోవచ్చు కాబట్టి ముఖ్యమైన మాట ముందే రావాలి. మనవాళ్లు తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాలుగా కొడతారు. పోచంపల్లికి ఒక ఎల్ పెట్టేవాళ్లున్నారు, రెండు పెట్టేవాళ్లున్నారు. ఎక్కువమంది రాసే తీరు శీర్షికలో పెట్టి ఊరుకోండి, మిగతావి చాలావరకు గూగుల్ అర్థం చేసుకుంటుంది. అన్ని రకాల స్పెల్లింగులూ పేజీ అడుగున తెల్ల అక్షరాల్లో దాచిపెట్టే పాత చిట్కా ఇంకా కొందరు చెబుతున్నారు. అది గూగుల్ నియమాలకు విరుద్ధం. పేజీ కోడ్‌లో ఉండే కీవర్డ్స్ అనే మెటా ట్యాగ్ నింపిపెడతామని డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. ఫలితాల వరసకు ఆ ట్యాగ్‌ను వాడబోమని గూగుల్ 2009లోనే బాహాటంగా చెప్పింది.

చేనేత చీరలు అమ్మేవాళ్లకు ఒక చిక్కు ఉంది, దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడుపోగానే ఆ పేజీ తీసేస్తారు. గూగుల్ ఆ పేజీని చదివి, చేర్చుకుని, నలుగురికి చూపించే వేళకు అది ఉండదు. ఇలా ప్రతి నెలా పాత పేజీలు చెరిపి కొత్తవి పెట్టుకుంటూ పోతే దుకాణం ఎప్పటికీ కొత్తదిగానే ఉండిపోతుంది. అందుకని ఒక్కో చీర పేజీ మీద కాకుండా, విభాగం పేజీ మీద శ్రమ పెట్టండి. ఉప్పాడ జాందానీ చీరలు అని ఒక పేజీ, మంగళగిరి నూలు చీరలు అని ఒక పేజీ. ఆ పేజీ చిరునామా ఎన్నేళ్లయినా మారకూడదు. అందులో చీరలు మారుతుంటాయి. పైన నాలుగు పేరాల్లో ఆ నేత సంగతి రాయండి. ఎక్కడ నేస్తారు, మరమగ్గం నకలును ఎలా గుర్తుపట్టాలి, ఎలా ఉతకాలి, ఏ ధర నుంచి ఏ ధర దాకా ఉంటాయి. మీరు మగ్గం దగ్గరికి వెళ్లి తీసిన ఫొటో ఉంటే పెట్టండి. ఆ ఫొటో ఇంకొకరి దగ్గర ఉండదు. అయిపోయిన చీర మళ్లీ నేయించగలిగితే పేజీ ఉంచి, ప్రస్తుతం లేదు అని రాయండి. ఇక రాదనుకుంటే ఆ చిరునామాను అలాంటి చీరకో, విభాగం పేజీకో శాశ్వతంగా మళ్లించండి. దీన్ని 301 రీడైరెక్ట్ అంటారు, సైట్ చూసేవాళ్లను అడిగితే చేస్తారు.

టోకు వ్యాపారి పంపిన వర్ణన ఉన్నదున్నట్టు అతికించేవాళ్లు ఎక్కువ. అదే వర్ణన ఇంకెన్నో దుకాణాల్లో ఉంటుంది, అలాంటప్పుడు గూగుల్ మీ పేజీనే ఎందుకు ఎంచుకోవాలి? ఏఐ చేత వందల పేజీలు రాయించి పెట్టడమూ మంచి మార్గం కాదు. వెతుకులాటలో పైకి రావడానికే కుప్పలుగా తయారుచేసే పేజీల మీద గూగుల్ 2024 మార్చిలో నియమం గట్టి చేసింది. మీ వాక్యాలను దిద్దడానికి, ఇంగ్లిష్‌లో పెట్టడానికి ఏఐ సాయం తీసుకోండి. చీర పట్టుకుని చూసినవాళ్లు మీరే కాబట్టి, చెప్పాల్సిన విషయం మాత్రం మీ నుంచే రావాలి.

ఫొటోల విషయం త్వరగా చెబుతాను. ఫోన్‌లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది, అలాగే ఎక్కిస్తే పేజీ ఈడ్చుకుంటూ తెరుచుకుంటుంది. కుదించి ఎక్కించండి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ సూచన. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరికరంలో చిరునామా ఇస్తే మీ సంగతి తెలిసిపోతుంది. ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్ అనే చోట అందులో ఏముందో ఒక వాక్యం రాయండి. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించేది ఆ వాక్యమే, అందుకోసమైనా రాయాలి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. ఇన్ని చెప్పాక ఒక్కటే చేయగలం అనేవాళ్లు ఇది చేయండి. ఏ మాటలు వెతికితే మీ పేజీలు కనిపించాయి, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉన్నారు అన్నది 16 నెలల వెనక్కి చూపిస్తుంది. ఎక్కువసార్లు కనిపించి తక్కువమంది నొక్కిన మాటలు ఏవో వెతకండి. అక్కడ శీర్షిక బాగోలేదేమో చూడండి. పదో స్థానం, పదిహేనో స్థానం దగ్గర ఆగిన పేజీలు ఏవో చూడండి. కొత్త పేజీలు రాసేకంటే వాటికి ఇంకొంత వివరం చేర్చడం తొందరగా ఫలితం ఇస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. మిమ్మల్ని మొదటి స్థానంలో పెడతాం, గ్యారంటీ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ప్రకటనలకు గూగుల్ డబ్బు తీసుకుంటుంది, వాటి మీద స్పాన్సర్డ్ అని రాసే ఉంటుంది. మామూలు ఫలితాల్లో చోటు అది ఎవరికీ అమ్మదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే హెచ్చరిస్తోంది. వేల లింకులు కొనిపెడతాం అనేవాళ్లకూ దూరంగా ఉండండి, 2012లో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పటినుంచీ అలాంటి లింకులు మేలు చేయకపోగా కీడు చేయగలవు. మీ సరుకు తిన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు తమంత తాము రాసి ఇచ్చే లింకు ఒకటి చాలు. సమీక్షలు మనమే రాసుకోవడం కొనేవాళ్లను మోసం చేయడం, అది వద్దే వద్దు. సైట్ పేరు, అంటే డొమైన్, మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. సైట్ కట్టినవాళ్ల పేరు మీద ఉంటే, వాళ్లతో చెడిన రోజున మీరు ఏళ్ల తరబడి సంపాదించుకున్న స్థానం చేజారుతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. అయితే కొనేవాళ్లు మీ దగ్గరికి రావడమో, మీరు వాళ్ల దగ్గరికి వెళ్లడమో ఉండాలి. ముఖాముఖి లేకుండా ఉత్త ఆన్‌లైన్ అమ్మకమే అయితే దానికి అర్హత లేదు.

ఇవన్నీ చేశాక ఫలితం ఎప్పుడు కనిపిస్తుంది? సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్‌లో ఈ పని చూసేవాళ్లే చెప్పారు. కాబట్టి రుతువును బట్టి లెక్క వేసుకోండి. ఆవకాయ కాలం ఏప్రిల్, మే అయితే, ఆ పేజీ పని కొత్త సంవత్సరం రాకముందే మొదలు కావాలి. శ్రావణ మాసం చీరల పేజీ ఎండాకాలానికే సిద్ధంగా ఉండాలి. పండగ పేజీ చిరునామాలో సంవత్సరం అంకె వేయకండి, వేస్తే వచ్చే ఏడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. గూగుల్ ట్రెండ్స్‌లో దేశం అమెరికాగా మార్చి మీ సరుకు పేరు కొడితే అక్కడివాళ్లు ఏ నెలలో ఎక్కువ వెతుకుతున్నారో గీత రూపంలో కనిపిస్తుంది. ఆ నెలకు ఆరు నెలల ముందు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆ రోజున మీ దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే ఒక్క సరుకు పేజీతో మొదలుపెట్టండి.